సున్నా రాసిన రోజు

నా ఉద్యోగ జీవితం మొత్తంలో నాకు ఒకే ఒక్క సన్మానం జరిగింది. శాలువా కప్పారు, ఆళ్లగడ్డలో చెక్కించిన రాతి ఏనుగును చేతిలో పెట్టారు, ఫొటో తీశారు. ఆ ఫొటో చూసిన వాళ్లెవరికైనా నా నవ్వు చూసి నవ్వొస్తుంది. ఎందుకంటే సరిగ్గా ఆ సమయానికి నా వెనక, మా మెస్సులోంచి మురుగునీళ్లు గడప దాటి బయటికి వస్తున్నాయి. ఆ సంగతి తెలియకుండా నవ్వుతున్న వాళ్లలో ముందు వరుసలో ఉన్నది నేనే.

కాలేజీ హాస్టళ్లలో, మెస్సుల్లో కొత్తగా చేరుతున్న మీ తరం వాళ్లకు ఈ సంగతి చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఇప్పుడు ప్రతి కాంపస్‌లోనూ ఒక 'జీరో వేస్ట్' కార్యక్రమం నడుస్తోంది. మీకూ ఎప్పుడో ఒకప్పుడు ఆ బాధ్యత అప్పగిస్తారు. నేను దానికి వ్యతిరేకిని కాను. అన్నం పారేస్తుంటే చూడలేని మనిషిని. ఆ గుణమే నా కొంప ముంచింది.

మాది ఆళ్లగడ్డలో కిరాణా అంగడి పెట్టుకున్న కుటుంబం. అంగడి మా అన్న చూసుకున్నాడు, నేను ఉద్యోగంలో పడ్డాను. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వచ్చే దారిలో ఉన్న ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణంలో, ఆడపిల్లల హాస్టల్ మెస్సుకు సూపర్‌వైజర్‌ని. పొద్దున్నే ఆళ్లగడ్డలో బస్సెక్కేవాణ్ని, సాయంత్రం వంట చూసి అదే రోడ్డు మీద మళ్లీ బస్సెక్కేవాణ్ని. బియ్యం గింజ నోట్లో వేసుకుని అది పాతదో కొత్తదో చెప్పగలను. అంతకు మించి నాకు విద్యలేమీ లేవు.

మా మెస్సులో ఇద్దరి గురించి మీకు ముందుగా చెప్పాలి. ఒకాయన మా వంట మేస్త్రీ. ప్యాపిలి మనిషి. ఆయన బొరుగులు, అదే మరమరాలు, నానేసి ఉగ్గాని చేసిన రోజు హాస్టల్లో ఒక్కరూ ఆలస్యంగా నిద్ర లేవరు. నోరు మాత్రం చాలా కటువు. ఉప్పెక్కువైందని ఎవరైనా అంటే, "నీళ్లు తాగుమ్మా, సరిపోతాది" అనేవాడు. రెండో ఆమె పళ్లాలు కడిగే ఆమె. రుద్రవరం దగ్గర పల్లె. ఆదివారం పొద్దున చర్చికి పోవాలి కాబట్టి ఆ పూట రానని చేరిన రోజే చెప్పింది, అన్నేళ్లలో ఒక్క ఆదివారం కూడా రాలేదు, మిగతా రోజుల్లో ఒక్కటి కూడా మానలేదు. ఇంటి దగ్గర ఆమెకు బర్రెలున్నాయి. పిల్లలు పళ్లాల్లో మిగిల్చిందంతా ఒక డ్రమ్ములో పోస్తే, ఆ కుడితిని రోజూ వాళ్లాయన ఆటోలో వేసుకుని పోయేవాడు. ఇది ఎవరూ పెట్టిన పద్ధతి కాదు, ఎప్పటి నుంచో జరుగుతున్నది.

ఇలా ఉండగా మా డైరెక్టర్ గారు ఏదో సదస్సుకు వెళ్లొచ్చారు. చాలా మంచి మనిషి. కాకపోతే ఆయన ఏ సదస్సుకు వెళ్లొచ్చినా మాకు నెల రోజులు చేతినిండా పని ఉండేది. ఒకసారి యోగా తెచ్చారు. ఇంకోసారి పిచ్చుకల గూళ్లు తెచ్చారు. ఈసారి జీరో వేస్ట్ తెచ్చారు.

"మన కాంపస్ నుంచి ఒక్క గ్రాము కూడా వృథాగా బయటికి పోకూడదు," అన్నారు సమావేశంలో. "ఏడాది తిరిగేసరికి జిల్లాలో మొదటి జీరో వేస్ట్ కాంపస్ మనదే కావాలి."

అదే రోజు గేటు దగ్గరొకటి, ఆఫీసు ముందొకటి, మెస్సు గోడకొకటి పెద్ద పెద్ద ఫ్లెక్సీలు కట్టారు. ప్లాస్టిక్ వాడొద్దని ప్లాస్టిక్ గుడ్డ మీద రాయించారు. మేస్త్రీ దాన్ని కాసేపు చూసి, "చినిగినంక పొయ్యి మీద పరదా కట్టుకుందాం, పనికొస్తాది" అన్నాడు.

మెస్సు బాధ్యత నాది. గ్రీన్ కమిటీ పేరుతో నలుగురు పిల్లల్ని ఇచ్చారు. కుడితి డ్రమ్ము కింద ఒక కాటా పెట్టాం. మెస్సు ముందు నల్లబోర్డు మీద రోజూ 'ఈ రోజు పారేసిన అన్నం' అని రాసి ఎదురుగా కిలోలు వేసేవాళ్లం. ఇంతవరకూ బాగానే ఉంది. ఇక్కడితో ఆగి ఉంటే నేనీ కథ చెప్పే పని ఉండేది కాదు.

రెండు వారాలైనా అంకె తగ్గలేదు. డైరెక్టర్ గారు రోజూ అటుగా నడుస్తూ బోర్డు చూసి, ఏమీ అనకుండా తల మాత్రం ఆడించి వెళ్లేవారు. ఆ తల ఆడింపు నాకు నిద్ర లేకుండా చేసింది. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. దయచేసి గుర్తుపెట్టుకోండి, ఇది డైరెక్టర్ గారిది కాదు, కమిటీది కాదు, పూర్తిగా నా ఆలోచన. ఎక్కువ అన్నం మిగిల్చిన వాళ్ల రూము నంబరు బోర్డు మీద రాయడం. పైన 'ఈ రోజు మహారాణులు' అని శీర్షిక కూడా నేనే పెట్టాను. చాలా చమత్కారంగా ఉందనుకున్నాను. మా ఇంట్లో చెబితే మా ఆవిడ నవ్వలేదు. ఆమెకు హాస్యం తెలీదనుకున్నాను.

మందు బ్రహ్మాండంగా పనిచేసింది. వారం తిరిగేసరికి అంకె సగమైంది. ఇంకో వారానికి అందులో సగం. నా నడక మారిపోయింది. బస్సులో పక్కన ఎవరు కూర్చున్నా రెండో మాటకే మా మెస్సు గురించి చెప్పేవాణ్ని. అంగడిలో కూర్చుని మా అన్నకు చెబితే ఆయన పొట్లం కడుతూనే అడిగాడు.

"బియ్యం తగ్గినాయా?"

"లేదు. అంతే పోతాండాయి."

"పారేసేది తగ్గితే బియ్యం తగ్గల్ల గదా."

"తగ్గేదెందుకు? తింటాండారు గదా పిల్లలు," అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. వండే బియ్యం అంతే ఉంది, పారేసేది తగ్గింది, అంటే తిన్నారనే కదా. అంగడి వాళ్ల ఇంట్లో పుట్టి ఆ లెక్క దగ్గర నేను బోల్తా పడ్డాను.

అదే వారంలో పళ్లాలు కడిగే ఆమె నా గది ముందుకొచ్చి నిలబడింది.

"సార్, కుడితి తగ్గిపాయె."

"తగ్గాలనే కదమ్మా ఇదంతా."

"తగ్గితే తగ్గనీ సార్. పిల్లోళ్లు తినేది ల్యా. పారేసేది తగ్గలే, పారేసే తావు మారింది. ఎనక తూములో నీళ్లు నిలబడతాండాయి, చూడు."

నేను లోపల నవ్వుకున్నాను. బర్రెలకు కుడితి తక్కువైంది, అందుకే ఈమెకు కడుపు మంట అనుకున్నాను. "చూద్దాంలేమ్మా" అన్నాను. నాలుగు రోజుల తర్వాత మళ్లీ వచ్చి అదే చెప్పింది. మళ్లీ అదే జవాబు చెప్పాను. ఒక మనిషి చెప్పేదాన్ని వినకుండా, ఎందుకు చెబుతోందో మనమే ఊహించుకోవడం ఉద్యోగంలో చాలా సుఖంగా ఉంటుంది. లేచి వెళ్లి చూసే పని తప్పుతుంది.

ఒక గురువారం మధ్యాహ్నం కమిటీ పిల్ల కాటా చూసి, నా వైపు చూసి, మళ్లీ కాటా చూసింది. డ్రమ్ములో నాలుగు కరివేపాకు రెబ్బలు, రెండు మిరపకాయ తొడిమలు ఉన్నాయి. నేనే సుద్దముక్క తీసుకుని బోర్డు మీద ఒక పెద్ద సున్నా రాశాను. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. ఇప్పుడు తలుచుకుంటే ఆ చప్పట్లు కొంచెం ఎక్కువగానే ఉన్నాయి. వెనక వరుసలో కొందరు నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నారు. సంతోషం పట్టలేకపోతున్నారనుకున్నాను.

డైరెక్టర్ గారు సున్నా పక్కన నిలబడి ఫొటో దిగారు. ఆ ఫొటో ఎక్కడెక్కడికో వెళ్లింది. పది రోజుల్లో విశ్వవిద్యాలయం నుంచి ముగ్గురు పెద్దలు చూడ్డానికి వస్తున్నారని, అదే రోజు నాకు సన్మానమని కబురొచ్చింది.

ఆ రోజు మెస్సు ముందు గడ్డిలో షామియానా వేశారు. వచ్చిన ముగ్గురిలో ఒకావిడ పెద్ద వయసు ప్రొఫెసర్. కూర్చోగానే బోర్డు వైపు చూసి, "రోజూ సున్నాయేనా?" అని అడిగారు. "వరుసగా తొమ్మిదో రోజండీ" అన్నారు డైరెక్టర్ గారు. ఆవిడ తన పుస్తకంలో ఏదో రాసుకున్నారు.

నాకు శాలువా కప్పుతుండగా మెస్సు తలుపు దగ్గర పళ్లాలు కడిగే ఆమె కనిపించింది. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, రెండు చేతులూ ఊపుతోంది. ఆమె కూడా సంబరపడుతోందనుకుని నేను తల ఊపాను. ఆమె నుదుటి మీద కొట్టుకుంది. ఏనుగు చేతికి రాగానే వాసన కూడా వచ్చింది.

ముందు వరుస వాళ్లు కాళ్లు పైకెత్తుకున్నారు. మెస్సు లోపల, వెనకవైపున చేతులు కడుక్కునే కొళాయిల కింది నుంచి నీళ్లు నల్లగా పొంగి, గడప దాటి, మెట్లు దిగి, గడ్డిలోకి పారుతున్నాయి. మేస్త్రీ గెడకర్ర పట్టుకుని పరిగెత్తాడు. కొళాయిల పక్కన మురుగు తూము ఉంది, దాని మూత ఒక మూల విరిగి చెయ్యి దూరేంత సందు ఉండేది. మేస్త్రీ ఆ మూత లేపి కర్ర పెట్టి కుళ్లగించాడు. ఒక పొట్లం తేలింది. దాని వెనక ఇంకొకటి. ఆ తర్వాత ఆగలేదు. చపాతీలు చుట్టిన కాగితాలు, అన్నం కట్టిన కవర్లు, ఉప్మా నింపిన బిస్కెట్ ప్యాకెట్లు. తొమ్మిది రోజుల సున్నాలన్నీ ఒకటొకటిగా పైకి వచ్చాయి.

పెద్దావిడ లేచి దగ్గరికి వచ్చి చూశారు. "ఇది ఏ ప్రాజెక్టు?" అని డైరెక్టర్ గారిని అడిగారు.

"ఇది ఇంకా ప్రారంభ దశలో ఉందండీ," అన్నారు పాపం ఆయన.

ఆవిడ నవ్వలేదు. నా చేతిలో ఏనుగును మాత్రం ఒకసారి చూశారు. నేను దాన్ని శాలువా కిందికి తోశాను.

పిల్లలు కనిపెట్టిన పద్ధతి సులువైనది. తినలేనిది కవర్లో వేసి చున్నీ కింద దాచుకుంటారు. ఖాళీ పళ్లెం డ్రమ్ము దగ్గర కమిటీకి చూపిస్తారు. చేతులు కడుక్కుంటూ పొట్లం ఆ సందులోంచి జార్చేస్తారు. మొత్తం హాస్టల్‌కు తెలుసు. కమిటీ పిల్లలకూ తెలుసు. వాళ్ల పొట్లాలూ అందులో ఉన్నాయి.

అతిథులు వెళ్లిపోయాక అసలు గొడవ మొదలైంది. పొట్లాల్లో ఒకటి ల్యాబ్ రికార్డు కాగితంలో చుట్టి ఉంది. సిరా కరిగినా రోల్ నంబరు కనిపిస్తోంది. మొదటి సంవత్సరం పిల్ల. మిగతా వాళ్లంతా జాగ్రత్తగా పాత పేపర్లు వాడారు, ఈ పిల్లకు ఆ తెలివి కూడా లేదు. ఆమె రూము నంబరు నా బోర్డు మీద వరుసగా మూడు రోజులు కనిపించిన నంబరే.

డైరెక్టర్ గారు ఎన్నడూ లేనంత కోపంగా ఉన్నారు. "రేపు ఆమె తండ్రిని పిలిపించండి. హాస్టల్ నుంచి పంపించేస్తున్నామని చెప్పండి. ఒక్కరి మీద చర్య తీసుకుంటే మిగతా వాళ్లకు భయం ఉంటుంది. మీరు రిపోర్టు రాసి పెట్టండి."

హాస్టల్ పోతే ఆ పిల్లకు చదువు కూడా పోతుంది. ప్యాపిలి అవతల పల్లె నుంచి రోజూ వచ్చి పోవడం అయ్యే పని కాదు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు. అయినా నేను తల ఊపాను. అంత అవమానంలో నాక్కూడా ఎవరో ఒకరు దొరకాలనే ఉంది.

సాయంత్రం ఆ పిల్లను మెస్సులో కూర్చోబెట్టి అడిగాను. సన్నగా, గొంతు పెగలని పిల్ల. పళ్లాలు కడిగే ఆమె తుడిచిన బల్లనే మళ్లీ తుడుస్తూ అక్కడే తిరుగుతోంది.

"ఎందుకు పారేశావమ్మా?"

ఆ పిల్ల చున్నీ కొస వేలికి చుట్టుకుంది.

"తినలేనప్పుడు తక్కువ పెట్టించుకోవాలి కదా."

"చెప్తా సార్," అంది. "చాలు అని చెప్తా. చెప్పేలోపే పడిపోతాది."

"ఏం పడిపోతుంది?"

"అన్నం సార్. ఒక్క గరిటె చాలు నాకు. ఆ ఒక్క గరిటే నేను తినలేనంత ఉంటాది. సగం ఏయ్యమంటే ఎనక అక్కోళ్లు బేగా నడువు అంటారు." బల్ల వైపు చూస్తూ, "బోర్డు మీద మా రూము పడినంక రూములో ముగ్గురు అక్కోళ్లు నాతో మాట్లాడేది మానుకున్నారు. అందుకే రెండ్రోజులు రానేలేదు. బొరుగులు తిన్యా" అంది.

బల్ల తుడిచే ఆమె గుడ్డ పక్కన పెట్టింది. "రెండ్రోజులు కాదు సార్, నాలుగు రోజులు. నేనే గుడ్డు ఉడకబెట్టి ఇచ్చిపోయినా" అంది. నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

మర్నాడు పొద్దున నేనొక పళ్లెం పట్టుకుని పిల్లల వరసలో నిలబడ్డాను. మేస్త్రీ ఉప్మా వడ్డిస్తున్నాడు. నన్ను చూసినా చెయ్యి ఆపలేదు. చాలు అనబోయేలోపే నా పళ్లెం నిండింది. పెద్దవాణ్ని, ఆకలి మీదున్నవాణ్ని, అయినా అది తినలేకపోయాను.

"ఏందప్పా ఇది? ఇంత ఏస్తే ఆ పిల్లలు యాడ తింటారు?" అన్నాను మేస్త్రీతో.

ఆయన గరిటె పైకెత్తి నాకు చూపించాడు. "నువ్వు తెచ్చిందే గదన్నా. లైను నిలబడతాంది, బేగా కదల్ల అని నంద్యాలకు పోయి నువ్వే తెస్తివి. ఒక్క దెబ్బకు ఒక్క మనిషి అంటివి."

నిజమే. ఆ ఏడాది మొదట్లో క్లాసులకు ఆలస్యమవుతోందని ఫిర్యాదు వస్తే, పాత గరిటెలు తీసేసి పెద్దవి తెచ్చింది నేనే. లైను చకచకా కదిలింది. అప్పుడూ నన్ను మెచ్చుకున్నారు.

"మరి నువ్వన్నా చెప్పకూడదా?"

"నువ్వు అడిగితే గదా."

పదకొండు గంటలకు ఆ పిల్ల తండ్రి వచ్చాడు. శనక్కాయ పండించే రైతు. నంద్యాల బస్టాండులో దిగి ఆటోలో వచ్చాడు. చొక్కా ఉతికినది, ఇస్త్రీ లేదు. డైరెక్టర్ గారి గదిలో కుర్చీ చూపించినా కూర్చోలేదు. జరిగింది డైరెక్టర్ గారు చెప్పారు. కాంపస్ పరువు, విశ్వవిద్యాలయం పెద్దలు, క్రమశిక్షణ, అన్నీ చెప్పారు. ఆయన విన్నాడు. వినేకొద్దీ తల కిందికి పోయింది. కూతురి వైపు తిరిగి, "అన్నం తీసుకపోయి మోరీలో ఏస్తివా?" అని అడిగాడు. కేకలేయలేదు. ఆ పిల్ల ఏడ్చింది.

ఆయన నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "తప్పయింది సార్. ఇంట్లో ఒక్క మెతుకు పారేసేది ల్యా. ఈడికొచ్చి యాడ నేర్చుకునిందో. ఈ ఒక్కసారికి ఇడిసిపెట్టండి."

నా చేతిలో నేను రాసిన రిపోర్టు ఉంది. ముందురోజు రాసినది. అందులో ఆ పిల్ల నంబరుంది. నేను ఎప్పుడూ పెద్ద ధైర్యవంతుణ్ని కాను, అప్పుడూ కాను. నాకంటే వయసులో పెద్దవాడు నాకు చేతులు జోడించడం మాత్రం చూడలేకపోయాను. పండించిన మనిషి, వడ్డించడం చేతగాని మనిషి ముందు తప్పయిందంటున్నాడు.

"చేతులు దించప్పా," అన్నాను. "తప్పు నీ బిడ్డది కాదు. తినలేనంత పెట్టింది మేము. పెద్ద గరిటెలు తెచ్చింది నేను. మిగిల్చితే బోర్డు మీద నంబర్లేసి నవ్వించింది నేను. పాప దాచిపెట్టింది అన్నం కాదు, భయం."

డైరెక్టర్ గారు నా వైపు అదోలా చూశారు. ఆ చివరి మాట కొంచెం నాటకంగా ఉందని నాకూ తెలుసు. కానీ అది ముందురోజు బస్సులో ఆలోచించి పెట్టుకున్న మాట కాదు, ఆ గదిలో అప్పటికప్పుడు వచ్చింది, వెనక్కి తీసుకోలేను.

రైతు చేతులు దించాడు. నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. డైరెక్టర్ గారిని చూశాడు.

"మా పిల్ల తప్పు చేసిందని నన్ను పిలిపిస్తిరి," అన్నాడు నింపాదిగా. "ఈ సారు తప్పు చేసినాడంట. ఈయనకు ఎవుర్ని పిలిపిస్తారు?"

మా నాయన పోయి అప్పటికి చాలా ఏళ్లయింది. పోయినాయన వచ్చి నా తరఫున చేతులు జోడించినట్టు ఒక్క క్షణం కళ్ల ముందు కదిలింది. డైరెక్టర్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. తుడుస్తున్న కొద్దీ ఆయన భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నారేమో అనుకున్నాను. నవ్వు ఆపుకుంటున్నారు. ఆపుకోలేకపోయారు. ఆయన నవ్వితే రైతూ నవ్వాడు, చివరికి ఆ పిల్ల కూడా ముక్కు తుడుచుకుంటూ నవ్వింది. నేను మాత్రం కాసేపటి తర్వాత నవ్వాను.

ఆ రిపోర్టు చించేశాను. ఇంకొకటి రాశాను. అందులో గరిటె కొలత దగ్గర్నుంచి విరిగిన మూత దాకా, పళ్లాలు కడిగే ఆమె రెండుసార్లు వచ్చి చెప్పినా నేను లేవకపోవడం దాకా అన్నీ ఉన్నాయి. డైరెక్టర్ గారు రెండుసార్లు చదివారు. "ఇది పైకి పంపితే మీకు మెమో వస్తుంది," అన్నారు. "రానీండి సార్," అన్నాను. వచ్చింది. నా సర్వీసులో సన్మానం ఒకటే, మెమో కూడా ఒకటే. రెండూ ఒకే విషయం మీద రావడం అందరికీ దొరికే అదృష్టం కాదు.

ఆ తర్వాత చేసిన పనులు చెప్పుకోదగినంత పెద్దవేమీ కావు. బోర్డు మీద రూము నంబర్లు చెరిపేశాం. చిన్న గరిటెలు తెచ్చాం. కావాలంటే ఎన్నిసార్లైనా రావచ్చన్నాం, లైను రెండుగా చీల్చాం. మేస్త్రీకి అది అస్సలు నచ్చలేదు. "పిట్టకు పెట్టినట్టు పెట్టాల్నా?" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఒక పిల్ల రెండోసారి వచ్చి "ఇంకొంచెం" అంటే, ఆయన గరిటె గాల్లోనే ఆపేశాడు. పెద్ద గరిటె ఉన్నన్నాళ్లూ ఆయన్ను ఇంకొంచెం అడిగిన వాళ్లు లేరు. ఆ రోజు మధ్యాహ్నం పిలవకుండానే వచ్చి నాతో మాట్లాడాడు. ఎవరెవరు రెండోసారి వచ్చారో, దేనికి వచ్చారో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు. ఆ రెండోసారి అడిగిన పిల్ల ఎవరని నేను అడగలేదు. ఆయనే చెప్పాడు. "అదే, మా ప్యాపిలి తట్టు పిల్ల."

బోర్డు మీద మొదటి వారం అంకె భయంకరంగా ఉంది. నిజం రాస్తే అలాగే ఉంటుంది. డైరెక్టర్ గారు రోజూ అటుగా నడుస్తూనే ఉన్నారు. తల ఆడించడం మానేశారు. అంకె మెల్లగా దిగింది, పండగ రోజుల్లో ఎగిరింది, వంకాయ కూర రోజుల్లో ఇంకా ఎగిరింది. నేనున్నంత కాలం మళ్లీ సున్నా మాత్రం రాలేదు. జిల్లాలో మొదటి జీరో వేస్ట్ కాంపస్ బిరుదు ఇంకెవరికో వెళ్లింది. వాళ్ల తూము మూతలు బాగుండాలని కోరుకున్నాను.

నెల గడిచాక ఒక మధ్యాహ్నం డైరెక్టర్ గారు చెప్పకుండా మెస్సుకు వచ్చారు. పళ్లెం తీసుకుని పిల్లల వెనక లైనులో నిలబడ్డారు. పిల్లలు ముందుకు రమ్మన్నా రాలేదు. ఆ రోజు వంకాయ కూర. ఆయనకు వంకాయ పడదని నాకు తెలీదు, మేస్త్రీకి తెలీదు, ఆయన మొహమాటపడి చెప్పలేదు. తినగలిగినంత తిన్నారు. ఆ తర్వాత పళ్లెంలో కూరతో డ్రమ్ము దగ్గరికి వచ్చి ఆగిపోయారు. కాటా దగ్గర కమిటీ పిల్ల నిలబడి ఉంది. వెనక లైను ఆగింది. అంత పెద్ద మనిషి పళ్లెం పట్టుకుని, అటు పోలేక ఇటు పోలేక, ఆ పిల్ల ముఖం చూస్తూ నిలబడ్డారు. చెవులు ఎర్రబడ్డాయి.

పళ్లాలు కడిగే ఆమె లోపలి నుంచి వచ్చి చూసింది. తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని, డ్రమ్ము మూత ఇంకొంచెం పక్కకు జరిపింది.

"ఏయండి సార్, ఏం కాదు," అంది. "మా బర్రెలకు వంకాయంటే పానం."

ఆయన వేశారు. ఆ రోజు అంకె కొంచెం పెద్దదే వచ్చింది. ఉన్నదున్నట్టు బోర్డు మీద రాసి, చేతికంటిన సుద్ద దులుపుకుని, ఆళ్లగడ్డ బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాను.